గౌస్ మామకు నూటికి పదకొండు

ప్రొద్దుటూరులో మా వీధికి వచ్చి గౌస్ మొహిద్దీన్ ఎవరని అడిగితే, అడిగినవాడు పరాయి ఊరివాడని అందరికీ తెలిసిపోతుంది. నాకు ఆయన వరసకు మామ. రక్తసంబంధం ఏమీ లేదు. ఆయనది నెట్ సెంటరు, నాది దాని పక్కనే స్టేషనరీ అంగడి. రెండింటికీ మధ్య ఒకే గోడ, ఆ గోడకు ఒకే కరెంటు మీటరు. పద్దెనిమిదేళ్ళు ఒక మీటరు కింద బతికినవాణ్ణి మామా అనక ఏమంటాం?

మొదట్లో ఆయనది టైపు ఇన్‌స్టిట్యూటు. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి పిల్లలు పొద్దున్నే బస్సెక్కి వచ్చి లోయరు, హయ్యరు పరీక్షల కోసం మిషన్లు టకటకలాడించేవాళ్ళు. కంప్యూటర్లు వచ్చాక ఆ మిషన్లన్నీ పాతసామాన్ల బండి ఎక్కాయి. ఒక్కదాన్ని మాత్రం ఆయన పోనివ్వలేదు. దానికి గుడ్డ కప్పి, పక్కన నాలుగు కంప్యూటర్లు పెట్టి, బోర్డు మీద 'ఇన్‌స్టిట్యూట్' అన్నచోట 'ఆన్‌లైన్' అని రాయించాడు. బోర్డు మారింది గానీ మనిషి మారలేదు. మార్జిన్ తప్పిన ఉత్తరాన్ని చూస్తే ఆయనకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కువైట్‌కు, ఖతార్‌కు పోవాలనుకునేవాళ్ళకు, కాలేజీ సర్టిఫికెట్ల కోసం తిరిగేవాళ్ళకు ఆయనే దిక్కు. దరఖాస్తు తయారు చేయడమే కాదు, దాన్ని తన సొంత మెయిల్ నుంచే పంపిస్తాడు. ఎందుకంటే మా వాళ్ళకు మెయిల్ తెరిచిచ్చిన మూడో రోజుకు పాస్‌వర్డు గుర్తుండదు. వేంపల్లె నుంచి వచ్చిన ఒకాయన పాస్‌వర్డును ఇంటి గోడ మీద బొగ్గుతో రాసుకుంటే, పండక్కి వాళ్ళావిడ సున్నం కొట్టేసింది. ఆ దెబ్బతో గౌస్ మామ ఒక నిర్ణయానికొచ్చాడు.

"మీకు పాస్‌వర్డు ఎందుకప్పా? నేను ఉండానుగా. నా పేరు మీద పోతాది, నా పేరు మీదే వస్తాది."

ఆయన అన్న కూతురు ముస్కాన్ ఇంజనీరింగు చదివింది. బెంగళూరు కంపెనీ ఒకదానికి ఇంట్లో కూర్చునే పనిచేస్తుంది. మెయిళ్ళు సరిగ్గా పోతున్నాయా లేదా అని చూడడమే ఆ అమ్మాయి ఉద్యోగం. తనే చాచాకు, అంటే చిన్నాన్నకు, ఆయన పేరుతోనే ఒక సొంత చిరునామా కొనిపెట్టింది. ఆయన దాన్ని కార్డుల మీద అచ్చు వేయించి, చాయ్ అంగడి దగ్గర కూడా పంచాడు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. బాగాలేనిది శుభాకాంక్షల సంగతి.

రంజాన్ నాడు వాళ్ళింట్లో షీర్ ఖుర్మా, అదే పాల సేమ్యా పాయసం, కాస్తే వీధిలో ఒక్క ఇల్లు తప్పకుండా గిన్నె పోవాలి. మాటలు లేని ఇంటికైతే ముందు పోవాలి. గిన్నె రాలేదంటే మనసులో ఏదో పెట్టుకున్నారనే అర్థం చేసుకుంటాం మేము. గౌస్ మామ ఈ పద్ధతిని మెయిల్‌కు కూడా పట్టించాడు. తన చేతి మీదుగా ఒక్కసారి ఉత్తరం పోయిన చిరునామా ఏదైనా సరే, జాబితాలోకి ఎక్కాల్సిందే. రంజాన్, బక్రీద్, ఉగాది, దసరా, క్రిస్మస్, రెండు జెండా పండగలు, అన్నిటికీ అందరికీ శుభాకాంక్షలు. మొత్తం నాలుగు వేల మూడు వందల చిరునామాలు. అందులో సిమెంటు ఫ్యాక్టరీ ఉంది, పరీక్షల ఆఫీసులున్నాయి, ఎప్పుడో మూతబడిన కంపెనీలున్నాయి. 'దీనికి జవాబు రాయవద్దు' అని పేరులోనే చెప్పుకునే చిరునామాలు కూడా ఉన్నాయి.

"వాటికెందుకు మామా, ఆడ మనిషే ఉండడు కదా?" అని నేను ఒకసారి అడిగాను.

"జవాబు రాయొద్దన్నారు గానీ, పండగ చెప్పొద్దన్లేదు కదప్పా," అన్నాడు.

ప్రతి శుభాకాంక్షకూ ఒక ఫోటో కూడా ఉంటుంది. పండగ పొద్దున్నే అంగడి మెట్ల మీద నిలబడి మా వీధిని తీస్తాడు. ఎదురుగా షాహీదాబీ వాళ్ళ పచ్చ తలుపు, కరెంటు స్తంభం, దాని కింద ఏదో ఒక పిల్లి, ఓ మూల నా అంగడి. ఒక దసరా ఫోటోలో నేను కూడా పడ్డాను. నోరు బార్లా తెరిచి ఆవలిస్తున్నాను. నాలుగు వేల మూడు వందల మందికి నా ఆవలింత పోయింది. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ మెయిల్ తెరిచిన వెంటనే పైనున్న 'స్పామ్' మీట మీద వేలు పెట్టి గట్టిగా నొక్కాను. అప్పటినుంచి ఆయన శుభాకాంక్షలు నా కంటికి కనబడలేదు. హాయిగా ఉంది కూడా.

పోయిన ఏడాది ఆయేషా వచ్చింది. జమ్మలమడుగు పిల్ల. నర్సింగు చదివి, కడపలో నాలుగేళ్ళు ఆసుపత్రి డ్యూటీ చేసింది. కువైట్‌లో ఒక పెద్ద ఆసుపత్రికి గౌస్ మామ చేతే దరఖాస్తు పెట్టించుకుంది. రెండుసార్లు ఇంటర్వ్యూలో పోయి, మూడోసారి గట్టెక్కింది. వయసు లెక్క ప్రకారం ఆమెకు ఇదే ఆఖరు సారి. ఇక మిగిలింది ఒక్కటే: సర్టిఫికెట్లన్నీ గురువారం మధ్యాహ్నం రెండు గంటల్లోపు ఆసుపత్రి ఆఫీసుకు మెయిల్‌లో చేరాలి. అదీ దరఖాస్తులో రాసిన చిరునామా నుంచే రావాలి. అంటే గౌస్ మామ చిరునామా నుంచే.

ఆదివారం నాడు ఆయన కాగితాలన్నీ వరసగా పేర్చి, మార్జిన్లు సరిచూసి, బిస్మిల్లా అని పంపించాడు. "నా చేతి మీద పోయిన ఉత్తరం చేరకుండా ఉండదు, పో బేటీ," అన్నాడు.

మంగళవారం పొద్దున ఆసుపత్రి నుంచి ఒక మెయిల్ వచ్చింది. 'మీ సర్టిఫికెట్లు ఇంకా అందలేదు. గడువు గురువారం.' అది మిషన్ తనంతట తాను పంపే మెయిలు. గౌస్ మామ కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ పంపించాడు. గంట తర్వాత ఇంకోసారి. అది చేరిందో లేదోనని ఇంకో రెండుసార్లు. వాళ్ళిచ్చిన ఫోను నంబరుకు చేస్తే ఒక ఆడగొంతు అరబ్బీలో ఏదో చెప్పి పాట పెట్టింది. ఆయేషా మొదటి బస్సుకే వచ్చి, ఫైలు ఒళ్ళో పెట్టుకొని స్టూలు మీద కూర్చుంది. చాయ్ తెప్పిస్తే ముట్టలేదు.

ముస్కాన్‌ను పిలిపించారు. ఆ పిల్ల కూర్చుని ఏదో సైటు తెరిచి, చాచా చిరునామా కొట్టింది. ఎర్రటి గుండ్రం మధ్యలో ఒక అంకె వచ్చింది. గోడకు ఇటువైపు నుంచి నేను కూడా వచ్చి తొంగిచూశాను.

"ఏంది బేటీ ఇది, పదకొండు?" అన్నాడు గౌస్ మామ.

"మార్కులు చాచా. మెయిల్ పంపేటోడు ఎట్లాంటోడు అని నూటికి ఏస్తారు. బాగుంటే లోపలికి రానిస్తారు. తక్కువుంటే స్పామ్‌లో ఏస్తారు. అదే, చెత్తబుట్టలో."

"నూటికి పదకొండా? నాకా?" ఆయన గొంతు లేచింది. "నా ఇన్‌స్టిట్యూట్‌లో ఫెయిలైనోడు కూడా ముప్పైకి తక్కువ తెచ్చుకోలేదు! ఎవురేసినారు?"

"ఒక మనిషి ఏసేది కాదు చాచా."

"పేపరు దిద్దినోడు ఒకడుంటాడు కదా. యాడుంటాడు, కడపలోనా? విజయవాడలోనా? రీవాల్యుయేషన్ పెట్టిస్తా."

ముస్కాన్ ఓపికగా చెప్పింది. ఒకేసారి వేల మెయిళ్ళు పంపితే మిషన్లకు అనుమానం వస్తుందట. మనుషుల్లేని చిరునామాలకు పదేపదే పంపితే మార్కులు పోతాయట. అన్నిటికంటే ఎక్కువ పోయేది, అందుకున్నవాళ్ళు విసుగొచ్చి స్పామ్ మీట నొక్కితే.

"అంటే నేను పండగ చెప్తే నొక్కినారా? ఎంతమంది?"

"శానామంది అక్కర్లేదు చాచా. వెయ్యికి నలుగురైదుగురు నొక్కినా చాలు."

నేను మెల్లగా నా గోడకు అటువైపు పోబోయాను. అప్పటికే ఆయన చూపు నా మీద పడింది.

"భానూ, నువ్వేమన్నా నొక్కినావా?"

"నేనా? నేనెందుకు నొక్కుతా మామా," అన్నాను. నా అంగడిలో దేవుడి ఫోటో ఉన్న వైపు మాత్రం చూడలేదు.

ఇక ఆయన ఆగలేదు. జాబితాలో మా వీధివాళ్ళ పేర్లున్న కాగితం చేతబట్టుకొని అంగడంగడికీ తిరిగాడు. బట్టలంగడి, మందులంగడి, నగల అంగడి. "నువ్వు నొక్కినావా?" అని ఒక్కటే ప్రశ్న. నొక్కానని చెప్పినవాడు ఒక్కడు లేడు. నగల అంగడి బాలకృష్ణయ్య అయితే, పెద్దమనిషి, "నీ మెయిలు చూడకుండా నాకు పండగే కాదు గౌసన్నా," అని చేతులు పట్టుకున్నాడు. ఆయన మెయిల్ తెరిచి నాలుగేళ్ళయిందని మా వీధిలో అందరికీ తెలుసు.

ఆయన చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చేసరికి ఆయేషా స్టూలు మీంచి లేచి నిలబడింది.

"మీ మార్కులు మళ్ళా చూసుకుందురు గానీ చాచా. గురువారం రెండు గంటలకు నా బతుకు అయిపోతాది. దాని సంగతి చూడండి ముందు."

గట్టిగా కూడా అనలేదు. గౌస్ మామ చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ పిల్ల ముఖంలోకి చూడలేక టైపు మిషన్ మీది గుడ్డ సర్దాడు. మనసులో ఏమనుకున్నాడో గానీ, ఇక నొక్కినవాళ్ళను వెతకడం మానేశాడు.

"ఒక దోవ ఉండాది," అంది ముస్కాన్. "వైట్‌లిస్ట్ అని ఉంటాది. ఆసుపత్రోళ్ళు వాళ్ళ పట్టీలో నీ చిరునామా రాసుకుంటే ఇంక మార్కులు చూడరు. నేరుగా లోపలికి వదుల్తారు."

"అంతే కదా! ఇప్పుడే రాస్తా, అయ్యా నా పేరు రాసుకోండని."

"ఆ మెయిల్ కూడా చెత్తబుట్టకే పోతాది చాచా."

గౌస్ మామ కుర్చీలో కూలబడ్డాడు. తలుపు తీయమని చెప్పాలంటే లోపలికి పోవాలి, లోపలికి పోవాలంటే తలుపు తీయాలి. ఇదెక్కడి న్యాయమో నాకూ అంతుపట్టలేదు. ఎవడు కనిపెట్టాడో వాడికి నాలుగు తగిలించాలనిపించింది.

"లోపల మన మనిషి ఎవురన్నా ఉంటే బాగుండు," అన్నాను నేను, ఏదో ఒకటి అనాలని.

గౌస్ మామ చటుక్కున తలెత్తాడు. "మైమూన్!" అన్నాడు.

మైమూన్ ఎదురింటి షాహీదాబీ కూతురు. ఎనిమిదేళ్ళ కింద ఇదే స్టూలు మీద కూర్చుని, ఇదే గౌస్ మామ చేత దరఖాస్తు పెట్టించుకొని, ఇదే ఆసుపత్రికి నర్సుగా పోయింది. చేరిన మొదటి నెలలో ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆఫీసు మెయిల్ నుంచి 'చాచా, చేరినాను' అని రెండు ముక్కలు రాసింది. ఆ రోజే ఆ చిరునామా ఆయన జాబితాలోకి ఎక్కింది.

నలుగురమూ వీధి దాటి పచ్చ తలుపు తట్టాం. షాహీదాబీ సంగతి విని, కంగారుగా కొంగుకు చేతులు తుడుచుకొని కూతురికి వీడియో కాల్ చేసింది. మైమూన్ డ్యూటీ బట్టల్లోనే ఉంది. గౌస్ మామ మొత్తం కథ చెప్పాడు. ఆయేషా గురించి చెప్పాడు, గురువారం గురించి చెప్పాడు, పదకొండు గురించి మాత్రం గొంతు తగ్గించి చెప్పాడు.

"మీ ఆసుపత్రిలో కంప్యూటరు చూసేటోళ్ళు ఉంటారంట కదా బేటీ. పోయి చెప్పు. ఈయప్ప మా వీధోడు, మంచోడే, లోపలికి రానియ్యండి అని."

ఫోను ఆగిపోయిందేమోనని షాహీదాబీ దాన్ని అటూ ఇటూ ఊపింది.

"చాచా," అంది చివరికి మైమూన్. "ఆ బటన్ నొక్కింది నేనే."

"ఏ బటను?"

"స్పామ్ బటను. ఒకసారి కాదు, శానాసార్లు నొక్కినా. ఈడ నర్సులకు పండక్కి సెలవియ్యరు చాచా. ఈద్ రోజు పొద్దున డ్యూటీలో ఉంటి. నీ మెయిల్ తెరిస్తే మన వీధి. మా తలుపు. తలుపు ముందర అమ్మ గీసిన సున్నం గీత కూడా కనబడె. బాత్రూములో పోయి ఏడ్చినా. డాక్టరు తిట్టె. మళ్ళా పండక్కి మళ్ళా వచ్చె. రాకుండా ఉంటే బాగుండు అని నొక్కితిని. నువ్వు చెడ్డోడివని కాదు చాచా."

షాహీదాబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ముస్కాన్ నాకు మెల్లగా చెప్పింది, బయటి మార్కులు ఎట్లున్నా, సొంత ఉద్యోగి నొక్కితే ఆసుపత్రి మిషన్ ఆ చిరునామాను అసలే నమ్మదని. ఇప్పుడు ఆ సంగతి గౌస్ మామకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వీధంతా తిరిగి ఆయన వెతికిన మనిషి ఆయన కళ్ళ ముందే పెరిగిన పిల్ల.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "ఏడవొద్దు బేటీ," అన్నాడు. "తప్పు నాదే. ఇంక పంపియ్యను."

మైమూన్ కళ్ళు తుడుచుకొని, "రేపు పొద్దున్నే పోతా చాచా. ఆ పిల్ల పని చేపిస్తా," అంది.

బుధవారం పదిన్నరకు ఫోను వచ్చింది. కంప్యూటర్ల గదిలోని మనిషి మొదట నమ్మలేదట. "వద్దు వద్దని ఇన్నిసార్లు నొక్కింది నువ్వే, ఇప్పుడు రానివ్వమనేది నువ్వే. అసలు ఈయన ఎవరు?" అన్నాడట. "మా చాచా," అందట మైమూన్. అతను నవ్వి, పట్టీలో రాసుకున్నాడట. గౌస్ మామ మళ్ళీ బిస్మిల్లా అని పంపించాడు. పావుగంటకు జవాబు వచ్చింది. 'సర్టిఫికెట్లు అందినవి.' ఆయేషా దాన్ని మూడుసార్లు చదివి, రెండు రోజుల్లో మొదటిసారి మా వీధి చాయ్ తాగింది. ఒకటి కాదు, రెండు.

ఆ పిల్లను బస్సెక్కించి వచ్చాక గౌస్ మామ నా అంగడి ముందు కూర్చున్నాడు.

"పండగ పంపిస్తాండా అనుకున్నా భానూ. మైమూన్‌కు ఊరు పంపిస్తాండా అని తెలుసుకోలేకపోయినా."

"మామా, నేను కూడా నొక్కినా," అన్నాను.

"తెల్సులే. ఆ దసరా కాన్నుంచి పండగ నాడు నువ్వు నా మొగం చూడవు. ఆవలింత అంత బాగలేదా?"

ఆ వారమే ముస్కాన్ జాబితాను కడిగేసింది. మనుషుల్లేని చిరునామాలన్నీ పోయాయి. మిగిలినవాళ్ళకు ఇకమీద అడిగితేనే పంపాలని చెప్పింది. అడగకుండా గిన్నె ఇవ్వడం అలవాటైన మనిషికి, 'షీర్ ఖుర్మా పంపమంటారా?' అని ఇల్లిల్లూ అడగమంటే ఎట్లుంటుందో అట్లుంది ఆయనకు. అయినా అడిగాడు. ఊళ్ళోవాళ్ళను నడిచిపోయి అడిగాడు. పంపమన్నవాళ్ళు రెండు వందల పదహారు మంది తేలారు. అందులో నేనొకణ్ణి. స్పామ్‌లో మూలుగుతున్న ఆయన పాత మెయిళ్ళన్నిటినీ వెతికి, 'ఇది స్పామ్ కాదు' అని ఒక్కొక్కటే నొక్కాను. అందులో నా ఆవలింత కూడా ఉంది.

మార్కులు మెల్లగా కదిలాయి. పందొమ్మిది, ముప్పై నాలుగు, యాభై రెండు. గౌస్ మామకు షుగర్ కూడా ఉంది. పొద్దున్నే వేలు పొడుచుకొని ఒక అంకె, కంప్యూటరు తెరిచి ఇంకో అంకె చూసుకునేవాడు. "అది తగ్గాల, ఇది పెరగాల," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. డెబ్బై దాటిన రోజు, షుగర్ సంగతి మరిచిపోయి అందరికీ మైసూరు పాక్ పంచి తానూ రెండు తిన్నాడు. ఆయేషా ఆ నెలలోనే కువైట్ విమానం ఎక్కింది.

ఈ ఏడు రంజాన్ వచ్చింది. నమాజు నుంచి రాగానే గౌస్ మామ వీధి ఫోటో తీసి, రెండు వందల పదహారు మందికి పంపించాడు. మైమూన్‌కు పంపలేదు. ఆ పిల్లను అడగను కూడా లేదు. "మళ్ళా ఏడిపించేది ఎందుకప్పా," అన్నాడు. షాహీదాబీ ఇంటికి మాత్రం గిన్నె తానే తీసుకుపోయి ఇచ్చాడు.

పదకొండు గంటలకు ఫోను మోగింది. నేను షీర్ ఖుర్మా తింటూ అక్కడే ఉన్నాను. స్పీకర్లో మైమూన్ గొంతు.

"ఏంది చాచా, మెయిల్ రాలేదు? పొద్దున కాన్నుంచి చూస్తాండా. స్పామ్‌లో కూడా వెతికినా. ఆడా లేదు. నేనూ ఆయేషా ఇద్దరం ఫోను పట్టుకొని కూర్చున్యాం. మన వీధి యాడ?"

గౌస్ మామ కళ్ళద్దాలు తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఏడుస్తావని..." అన్నాడు.

"ఏడుస్తే ఏడుస్తాలే చాచా. నువ్వు పంపు."

ఆయన ఫోను పెట్టేసి వీధిలోకి పరుగెత్తాడు. అరవై రెండేళ్ళ మనిషి పరుగెత్తడం నేను అదే మొదటిసారి చూడ్డం. పచ్చ తలుపు తట్టి షాహీదాబీని బయటికి పిలిచి, గిన్నె చేతికిచ్చి నిలబెట్టాడు. నన్ను కూడా పిలిచాడు. "నువ్వూ రాప్పా. ఈసారి నోరు మూసుకో," అన్నాడు. ఫోటో తీసి, సెంటర్లోకి వచ్చి, జాబితా తెరిచి, రెండు వందల పదిహేడో పేరు తన చేత్తో టైపు చేశాడు. మార్జిన్ సరిచూసుకొని పంపించాడు.

తర్వాత కుర్చీలో కూర్చుని, జవాబు కోసం ఎదురుచూశాడు. ఆ రోజు ఆయన మార్కులు చూసుకోలేదు.